కొండ స్టేజ్‌లో దాడి ఎక్కడ మొదలవుతుంది: ఒక సైక్లింగ్ ప్రసార సేవపై ఏడాది తరువాత సమీక్ష

ప్రొఫెషనల్ రోడ్ సైక్లింగ్‌లో కొండ స్టేజ్‌ను, అంటే అనేక రోజుల పోటీలో కొండల మీదుగా సాగే ఒక రోజు పరుగును, చూసేవారు చాలామంది చివరి ఎక్కుడు దగ్గరపడ్డాకే తెర ముందుకు వస్తారు. నేనూ ఎన్నో ఏళ్లు అలాగే చూశాను. ఎవరో ఒకరు సీటు మీది నుంచి లేచి, పెడళ్ల మీద నిలబడి, పక్కనున్న నలుగురినీ వదిలేసి దూసుకుపోతే, ఆ క్షణాన్నే దాడి అనుకునేవాడిని. 2025 సీజన్ మొదట్లో ఒక ప్రసార సేవకు ఏడాది చందా కట్టి, పెద్ద స్టేజ్‌లను మొదటి కిలోమీటరు నుంచి చూడడం, ఆ సేవ దాచి ఉంచిన పాత స్టేజ్‌లను వెతికి మళ్లీ చూడడం మొదలుపెట్టాక ఆ అభిప్రాయం నిలబడలేదు. మనం దాడి అని పిలిచే ఆ క్షణం, అంతకు రెండు గంటల ముందు లోయలో మొదలైన పనికి చివరి మెట్టు మాత్రమే. అందుకే ఈ సేవను నేను ఒకే ఒక్క కొలతతో తూచాను: ఆ రెండు గంటల పనిని ఇది చూపిస్తున్నదా, దాచేస్తున్నదా? ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు ఇలాంటి సేవలన్నింటిలోనూ వెతకదగినవే కనుక పేరును పక్కన పెడుతున్నాను.

కొండ మీద దాడిని అర్థం చేసుకోవాలంటే ముందు గాలి సంగతి తెలియాలి. చదునైన దారిలో మరో రైడర్ వెనుక నక్కి వెళ్లేవాడికి శ్రమ సుమారు మూడో వంతు వరకు తగ్గుతుంది. నిటారు ఎక్కుడులో వేగం పడిపోతుంది కాబట్టి ఆ లాభం బాగా తగ్గి, ఎవరి బరువును వారే మోసుకోవలసిన పరిస్థితి వస్తుంది. అంటే వాలు మీద సమయాన్ని సంపాదించేది ఒంటరి కాళ్లే. అయితే సంపాదించిన సమయాన్ని రెండు కొండల మధ్య లోయలో నిలబెట్టుకోవాలంటే మళ్లీ ఒక సహచరుడి వీపు కావాలి. అందుకే తెలివైన జట్లు ఉదయమే తమ రైడర్లను ఒకరిద్దరిని బ్రేక్‌అవేలో, అంటే ప్రధాన గుంపును వదిలి ముందే వెళ్లిపోయే చిన్న గుంపులో, ముందుకు పంపుతాయి. వాళ్లు స్టేజ్ గెలవడానికి వెళ్లినట్టు కనిపిస్తారు, నిజానికి మధ్యాహ్నం తమ నాయకుడు వచ్చే చోట కాచుకుని ఉండడానికి వెళ్తారు. చివరి గంట మాత్రమే చూసేవాడికి ఈ ఏర్పాటు అసలు కనిపించదు. ఈ సేవలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం కూడా ఇదే: పెద్ద కొండ స్టేజ్‌లను జెండా ఊపిన క్షణం నుంచి కోతలు లేకుండా ప్రసారం చేస్తుంది, ఆ మొత్తం నిడివినీ తరువాత కూడా అలాగే ఉంచుతుంది.

నేను మళ్లీ చూసిన పాత స్టేజ్‌లలో ఇందుకు చక్కటి పాఠం 2022 టూర్ డి ఫ్రాన్స్ పదకొండో స్టేజ్. ఆల్బెర్‌విల్ నుంచి కోల్ దు గ్రానోన్ వరకు, మధ్యలో టెలిగ్రాఫ్, గాలిబియే కనుమలు. ఆ ఉదయం పసుపు జెర్సీ, అంటే మొత్తం సమయంలో ముందున్నవాడు వేసుకునేది, టడేయ్ పొగాచర్‌ది. యోనాస్ వింగెగార్డ్ అతనికి 39 సెకన్లు వెనుక ఉన్నాడు. సంక్షిప్త ప్రసారంలో ఇది గ్రానోన్ మీద, ఇంకా సుమారు 5 కిలోమీటర్లు మిగిలి ఉండగా వింగెగార్డ్ లేచి వెళ్లిపోయిన కథ. మొత్తం నిడివిలో చూస్తే అది వేరే కథ. వింగెగార్డ్ జట్టు జుంబో-విస్మా పొద్దున్నే వౌట్ వాన్ ఆర్ట్‌నూ క్రిస్టోఫ్ లపోర్ట్‌నూ బ్రేక్‌అవేలోకి పంపింది. గ్రానోన్‌కు చాలా ముందే, టెలిగ్రాఫ్, గాలిబియే దారిలో, అదే జట్టులోని ప్రిమోజ్ రోగ్లిచ్, వింగెగార్డ్ వంతులవారీగా దాడులు మొదలుపెట్టారు. ఒకడు వెళ్తాడు, పొగాచర్ పట్టుకుంటాడు. అతను ఊపిరి తీసుకునేలోపే రెండోవాడు వెళ్తాడు. కోవిడ్ వల్ల పొగాచర్ జట్టులో ఇద్దరు అప్పటికే ఇంటిదారి పట్టారు, ఉన్నవారు గాలిబియే వాలు మీద వెనుకబడ్డారు. దాంతో ప్రతి దాడికీ అతనే స్వయంగా బదులు చెప్పవలసి వచ్చింది.

ఈ ఘట్టాన్ని నేను నాలుగుసార్లు చూసి ఉంటాను. మొదటిసారి చూసినప్పుడు పొగాచర్ ప్రతి దాడినీ తేలికగా పట్టేస్తున్నాడని, ఆ రోజు అతనిదేనని అనిపించింది. రెండోసారి మాత్రం దాడి చేసినవారిని కాక, దాడి చేయకుండా వెనుక కూర్చున్నవారిని గమనించాను. రోగ్లిచ్ ముందుకు వెళ్లినప్పుడు వింగెగార్డ్ పొగాచర్ వెనుక చక్రానికి అతుక్కుని కదలకుండా ఉంటాడు. వింగెగార్డ్ వెళ్లినప్పుడు ఆ స్థానంలో రోగ్లిచ్ ఉంటాడు. ఇద్దరికి ఒక్కొక్క దాడి ఖర్చయితే, ఒక్కడికి రెండూ ఖర్చవుతున్నాయి. 2,642 మీటర్ల ఎత్తున్న గాలిబియే మీద, ఆక్సిజన్ పలుచబడ్డ గాలిలో, అలా పదేపదే వేగం పెంచి తిరిగి కోలుకోవడం ఎంతటివాడికైనా భారమే. 11.3 కిలోమీటర్ల పొడవునా సగటున 9.2 శాతం వాలున్న గ్రానోన్‌కు చేరేసరికి పొగాచర్‌కు మళ్లీ సహచరుడు రఫాల్ మైకా తోడు దొరికాడు కానీ కాళ్లలో బలం మిగల్లేదు. వింగెగార్డ్ ఒకే ఒక్క నిర్ణాయకమైన దాడి చేశాడు. శిఖరం దగ్గర ఇద్దరి మధ్య తేడా 2 నిమిషాల 51 సెకన్లు. ఆ దాడి బలమంతా అంతకుముందు గాలిబియే మీద పొగాచర్ చేత ఖర్చు చేయించిన బలమే అని నాకు నచ్చజెప్పింది ఈ పూర్తి నిడివి ప్రసారమే. ఇందుకు ఈ సేవకు నేను నిజంగా కృతజ్ఞుడిని.

ఇదే ఘట్టం మీద ఈ సేవ తయారుచేసిన ఎనిమిది నిమిషాల ముఖ్యాంశాలు చూస్తే మాత్రం బాధ కలుగుతుంది. అందులో గాలిబియేకు దక్కింది నిమిషం కన్నా తక్కువ. రోగ్లిచ్ దాడి ఒకటి కనిపిస్తుంది, మిగిలినవన్నీ కోతకు గురయ్యాయి. ఆపై నేరుగా గ్రానోన్. పొగాచర్ ఎందుకు పట్టు సడలాడో ఆ ముక్కలో ఎక్కడా లేదు. కొత్తగా ఈ ఆటను చూడడం మొదలుపెట్టినవారు ఎక్కువగా చూసేది ఈ ముఖ్యాంశాలనే కాబట్టి, ఇది చిన్న లోపమని నేను అనుకోను. చివరి ఉరుకుతో తేలే స్ప్రింట్ స్టేజ్‌ను చివరి 5 కిలోమీటర్లతో చెప్పవచ్చు; కొండ స్టేజ్‌ను అలా చెప్పడం కుదరదు. కొండ స్టేజ్‌కు కనీసం ఇరవై ఐదు నిమిషాల ముక్క కావాలి, అందులో సగం చివరి ఎక్కుడుకు ముందుదై ఉండాలి.

ప్రత్యక్ష ప్రసారం ఎలా ఉందో చెప్పడానికి ఇటలీలో మూడు వారాలు జరిగే జిరో డి ఇటాలియా పోటీలో 2025 నాటి ఇరవయ్యో స్టేజ్ సరైన ఉదాహరణ. వెర్రెస్ నుంచి సెస్ట్రియేరే వరకు 205 కిలోమీటర్లు. నిర్ణయం జరగవలసిన చోటు కోలె దెల్లె ఫినెస్ట్రే. సుమారు 18.5 కిలోమీటర్ల పొడవు, సగటున 9.2 శాతం వాలు, పైభాగంలో దాదాపు 8 కిలోమీటర్లు తారు లేని కంకర దారి. జిరోలో మొత్తం సమయంలో ముందున్నవాడి గులాబీ జెర్సీలో ఇసాక్ డెల్ టోరో. 43 సెకన్ల వెనుక రిచర్డ్ కరపాజ్. 1 నిమిషం 21 సెకన్ల వెనుక సైమన్ యేట్స్. ఉదయం బ్రేక్‌అవేలోకి యేట్స్ సహచరుడు వాన్ ఆర్ట్ వెళ్లినప్పుడు ఈ సేవ వ్యాఖ్యాతల్లో ఒకరు, గతంలో రైడర్‌గా ఉన్నాయన, అతను ఎందుకు వెళ్లాడో వెంటనే వివరించారు. ఫినెస్ట్రే శిఖరానికీ సెస్ట్రియేరేకూ మధ్య దిగుడు, ఆపైన లోయ, తరువాత తేలికపాటి ఎక్కుడు ఉన్నాయని, యేట్స్ గనుక ఒంటరిగా అక్కడికి చేరితే వాన్ ఆర్ట్ వీపు నిమిషాలను సంపాదించి పెడుతుందని ఆయన చెప్పిన మాట సాయంత్రానికి అక్షరాలా నిజమైంది. వ్యాఖ్యానం అంటే ఇలా ఉండాలి: జరిగిపోయాక వర్ణించడం కాదు, జరగబోయేదాన్ని చూడడానికి ముందే కన్ను సిద్ధం చేయడం.

ఫినెస్ట్రే మీద కరపాజ్ జట్టు మొదట్లోనే వేగం పెంచింది, కరపాజ్ దాడి చేశాడు, డెల్ టోరో అతని చక్రాన్ని వదలలేదు. వెనుక నుంచి తన వేగంతో వచ్చి కలిసిన యేట్స్ ఒకటికి నాలుగుసార్లు ప్రయత్నించి చివరికి విడిపోయాడు. ఆ తరువాత తెర మీద కనిపించిన దృశ్యాన్ని నేను మరచిపోలేను. యేట్స్ పది సెకన్ల దూరంలో, ఆపై ఇరవై సెకన్ల దూరంలో, వంపు తిరిగే ప్రతిసారీ ఇంకొంచెం చిన్నగా కనిపిస్తున్నాడు. వెనుక మిగిలిన ఇద్దరిలో కరపాజ్ లేచి ఉరికితే డెల్ టోరో అతుక్కుంటాడు. కరపాజ్ తగ్గితే డెల్ టోరో కూడా తగ్గుతాడు. డెల్ టోరో దృష్టిలో ప్రమాదం 43 సెకన్ల దూరంలో ఉన్న కరపాజ్. కరపాజ్ దృష్టిలో యేట్స్‌ను పట్టుకోవలసిన బాధ్యత గులాబీ జెర్సీది. ఇద్దరి లెక్కా విడివిడిగా సబబే. రెండూ కలిసినప్పుడు మూడోవాడికి దారి ఇచ్చాయి. శిఖరం దాటేసరికి యేట్స్‌కు కావలసిన సమయం అతని చేతిలో ఉంది. ఆ తరువాతి దారిలో వాన్ ఆర్ట్ అతని కోసం ఆగి, చేయగలిగినంత దూరం ముందుండి లాగాడు. స్టేజ్‌ను బ్రేక్‌అవే నుంచి క్రిస్ హార్పర్ గెలిచాడు. యేట్స్ ఆ ఒక్క రోజే ఐదు నిమిషాలకు పైగా సంపాదించి, డెల్ టోరో మీద 3 నిమిషాల 56 సెకన్ల తేడాతో జిరోను గెలిచాడు.

ఇంత గొప్ప స్టేజ్‌లో ఈ సేవ రెండు చోట్ల నన్ను నిరాశపరిచింది. మొదటిది సమయ ఫలకం. తెర మీద ఎడమవైపు కనిపించే ఆ ఫలకంలో గుంపుల మధ్య తేడా ఉంటుంది కానీ ఏ గుంపులో ఎవరున్నారో ఉండదు. వాన్ ఆర్ట్ ముందు గుంపులో ఎంత దూరంలో ఉన్నాడన్నది ఆ గంటలో అన్నిటికన్నా ముఖ్యమైన సమాచారం. దాన్ని తెలుసుకోవడానికి నేను వ్యాఖ్యాతల మాటల మీదే ఆధారపడవలసి వచ్చింది. పైగా కంకర దారి మొదలైన కొద్దిసేపటికి ఆ ఫలకంలోని అంకెలు కొన్ని నిమిషాల పాటు మారకుండా నిలిచిపోయాయి. తేడా పది సెకన్ల నుంచి ముప్పైకి పెరుగుతున్న ఆ ఘడియలోనే దాడి నిలుస్తుందో చల్లారుతుందో తేలుతుంది. సరిగ్గా అప్పుడు అంకె కదలకపోతే ప్రేక్షకుడికి మిగిలేది ఊహ మాత్రమే. రెండోది, ప్రకటనల విరామం. పూర్తి ధర చెల్లించిన చందాదారుకు కూడా ప్రత్యక్ష ప్రసారంలో అప్పుడప్పుడు తెరను చిన్నదిగా చేసి పక్కన ప్రకటన వేస్తున్నారు. లోయలో అయితే సహించవచ్చు; శిఖరానికి 3 కిలోమీటర్ల ముందు సహించలేము.

ఆ స్టేజ్ అయిపోయిన మర్నాడు నేను 2018 జిరో పంతొమ్మిదో స్టేజ్‌ను వెతుక్కుని చూశాను, ఎందుకంటే అదే ఫినెస్ట్రే మీద, అదే సైమన్ యేట్స్, గులాబీ జెర్సీలో ఉండి, ముప్పై ఎనిమిది నిమిషాలకు పైగా కోల్పోయిన రోజు అది. ఆ రోజు క్రిస్ ఫ్రూమ్ 3 నిమిషాల 22 సెకన్ల వెనుక నాలుగో స్థానంలో మొదలై, ఫినెస్ట్రే కంకర మీద దాడి చేసి, సుమారు 80 కిలోమీటర్లు ఒంటరిగా వెళ్లి, బార్డొనేకియా పైన స్టేజ్‌తో పాటు గులాబీ జెర్సీని కూడా గెలుచుకున్నాడు. ఈ రెండు స్టేజ్‌లను పక్కపక్కన పెట్టి చూడగలగడం ఇలాంటి భాండాగారం ఉన్న సేవకే సాధ్యం. ఫ్రూమ్ వెనుక ఉన్న గుంపులో, ఆ ఉదయం రెండో స్థానంలో ఉన్న టామ్ డ్యూమొలాన్ శిఖరం దాటాక సహాయం కోసం మరో జట్టు రైడర్ సెబాస్టియన్ రైకెన్‌బాక్ వచ్చేవరకు ఎదురుచూశాడు. దిగుడులో ఆ గుంపు పోగొట్టుకున్న సమయం తరువాత తిరిగి రాలేదు. ఒంటరిగా దిగేవాడు తనకు నచ్చిన గీతలో దిగుతాడు. గుంపులో దిగేవాళ్లు అందులో అందరికన్నా జాగ్రత్తగా దిగేవాడి వేగంతో దిగుతారు. ఎక్కుడులో జరిగే దాడి దిగుడులో పెరగడానికి కారణం ఇదే. ఇంకో చిన్న వివరం కూడా పూర్తి నిడివిలోనే తెలుస్తుంది: ఆ రోజు ఫ్రూమ్ జట్టు తన సిబ్బందిని కొండ దారి పొడవునా నిలబెట్టి అతనికి ఆహారం, నీళ్లు అందించింది. దాడి చేసినవాడికి, వెనుకవారికి తేడా బాగా పెరిగేవరకు సాధారణంగా జట్టు కారు అతని దగ్గరకు రావడానికి వీలుండదు కాబట్టి, అంత దూరపు దాడి ముందే రాసుకున్న ఆహార పట్టిక లేకుండా నిలబడదు.

పాత స్టేజ్‌ల నాణ్యత గురించి ఒక మాట. 2015 తరువాతివి స్పష్టంగా ఉన్నాయి. అంతకు ముందువాటిలో చాలావాటికి చివరి రెండు గంటలే దొరుకుతాయి, చిత్రం కొంత మసకగా ఉంటుంది. అయినా స్పెయిన్‌లో మూడు వారాలు జరిగే వుయెల్టా పోటీలో 2012 నాటి ఫుయెంతే దే స్టేజ్ ఉండడం నాకు పెద్ద బహుమతిలా అనిపించింది. హొవాకిన్ రొద్రిగెస్ వుయెల్టాలో ముందున్నవాడి ఎర్ర జెర్సీలో 28 సెకన్ల ఆధిక్యంతో ఉన్నాడు. నిటారు వాలు మీద చివరి కిలోమీటరులో అతన్ని ఓడించడం కష్టమని అంతకుముందు రెండు వారాలు ఆల్బెర్టో కాంటడోర్‌కు తెలియజెప్పాయి. అందుకని అతను అంతగా నిటారు కాని ఒక కొండ మీద, గమ్యానికి సుమారు 50 కిలోమీటర్ల ముందు, ఎవరూ ఊహించని చోట దాడి చేశాడు. ప్రత్యర్థి బలంగా ఉన్న చోటును వదిలేసి అతని జట్టు బలహీనంగా ఉన్న చోటును ఎంచుకున్నాడు. రొద్రిగెస్ 2 నిమిషాల 38 సెకన్లు కోల్పోయాడు. నాలుగేళ్ల తరువాత అదే వుయెల్టాలో ఫోర్మిగాల్ స్టేజ్‌లో కాంటడోర్, నైరో క్వింటానా కలిసి స్టేజ్ మొదలైన కొద్ది కిలోమీటర్లలోనే వెళ్లిపోయి ఫ్రూమ్‌ను సహచరుల నుంచి విడదీయడం కూడా ఈ సంచయంలో ఉంది. ఆ రోజు తొంభై మందికి పైగా రైడర్లు గడువు దాటి వచ్చినా పోటీలో కొనసాగడానికి అనుమతించవలసి వచ్చింది.

ఈ సేవలో వ్యాఖ్యానాన్ని ఆపేసి దారి శబ్దాన్ని మాత్రమే వినే వీలుంది. 2016 జిరో పంతొమ్మిదో స్టేజ్‌ను నేను అలాగే చూశాను. మికేలే స్కార్పోని 2,744 మీటర్ల కోలె దెల్లాన్యెల్లోను అందరికన్నా ముందు దాటాడు. దిగుడులో గులాబీ జెర్సీలో ఉన్న స్టీవెన్ క్రుయిస్వైక్ మంచు గోడకు గుద్దుకుని పడిపోయాడు. వెనుక నుంచి స్కార్పోని జట్టు నాయకుడు విన్సెంజో నిబాలి వస్తున్నాడు. స్కార్పోని దారి పక్కన ఆగి, ఒక కాలు నేల మీద పెట్టి, కొండ వైపు చూస్తూ నిలబడ్డాడు. స్టేజ్ గెలిచే అవకాశం ఉన్నవాడు అలా ఆగిపోయి, ఇంకొకరి కోసం ఎదురుచూడడం, వచ్చాక లోయ అంతా ముందుండి లాగడం చూశాక, రిసూల్ ఎక్కుడులో నిబాలి చేసిన దాడిలో సగం ఆ ఆగిన కాలిదే అనిపించింది. మరుసటి రోజు నిబాలి గులాబీ జెర్సీ అందుకున్నాడు. స్కార్పోని ఆ తరువాతి ఏడాది, 2017లో, శిక్షణలో ఉండగా ప్రమాదంలో మరణించాడు. వ్యాఖ్యానం లేకుండా చూస్తే ఆ నిరీక్షణ ఎంత పొడవైనదో తెలుస్తుంది.

స్టేజ్‌కు ముందు ఇచ్చే దారి పటం గురించి కూడా చెప్పాలి. ప్రతి కిలోమీటరు వాలునూ రంగుల్లో చూపిస్తుంది, గాలి దిశను బాణంతో గుర్తిస్తుంది. ఎదురుగాలి వీచే ఎక్కుడులో ఎవరూ దాడికి సాహసించకపోవడం, ముందుండి లాగే జట్టు స్థిరమైన వేగంతో అందరినీ కట్టిపడేయడం ఎందుకో దీన్ని చూస్తే ముందే అర్థమవుతుంది. మొదటి శ్రేణి రైడర్లు అరగంట ఎక్కుడులో కిలో శరీర బరువుకు 6 వాట్లకు పైగా శక్తిని నిలబెడతారు. ముందున్న సహచరుడు ఆ స్థాయిలో లాగుతున్నంతసేపు దాడి చేయదలచినవాడు దానికి మించి వెళ్లాలి, దాన్ని ఎక్కువసేపు భరించలేడు. కాబట్టి అతను ఆ సహచరుడు అలిసి పక్కకు తప్పుకునే క్షణం కోసం చూస్తాడు. ఈ సేవ పటంలో వాలు మారే చోటును వేలితో నొక్కి పెద్దది చేసి చూడవచ్చు; 7 శాతం నుంచి 10 శాతానికి దారి లేచే ఆ మలుపును ముందే గుర్తు పెట్టుకుని చూడడం నాకు అలవాటైంది, చాలాసార్లు దాడి అక్కడే వచ్చింది.

వాడుకలో ఇతర విషయాలు సాధారణంగా ఉన్నాయి. ఫోన్‌లో బాగా నడుస్తుంది, టీవీలో వెనక్కి జరపడం కొంచెం నెమ్మది. పాత స్టేజ్ తెరిచినప్పుడు ఫలితం ముందే కనిపించే అలవాటును సెట్టింగ్‌లలో మార్చుకోవాలి, మొదటి రోజే మార్చుకోండి.

నేను ఈ సంవత్సరం చందాను కొనసాగించాను. ఫలకం విషయం రెండుసార్లు రాసి పంపాను; ఇటీవలి మార్పులో ప్రతి గుంపు పక్కనా ముగ్గురి పేర్లు కనిపిస్తున్నాయి. కొండ స్టేజ్‌లో అవి ఆ గుంపులో సాధారణ వర్గీకరణలో, అంటే పోటీ మొత్తం సమయాల పట్టికలో, ముందున్న ముగ్గురి పేర్లు మాత్రమే. బ్రేక్‌అవేలో కాచుకుని ఉన్న సహచరుడు ఆ జాబితాలో ఎప్పుడూ ఉండడు, ఎందుకంటే అతను వర్గీకరణలో గంటల కొద్దీ వెనుక ఉంటాడు. ఏ జట్టు నాయకుడికి ముందు గుంపులో మనిషి ఉన్నాడో జట్టు రంగుతో ఒక చుక్క పెట్టినా చాలునని మూడోసారి రాశాను, జవాబు కోసం చూస్తున్నాను.